నిద్రలో రక్తపోటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రాత్రి బీపీ గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 58. ఎనిమిదేళ్లుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. పగలు ఇంట్లో చూసుకుంటే 128/80 దగ్గర ఉంటోంది. అయితే రాత్రి బీపీయే అసలైనదని ఎవరో చెప్పగా, వారం రోజులుగా రాత్రి 2 గంటలకు అలారం పెట్టుకుని లేచి చూసుకుంటున్నాను. ఒకరోజు 152/90, మరొకరోజు 148/88 వచ్చింది. మాత్ర పని చేయడం లేదనుకోవాలా?

జవాబు: ముందుగా ఆ అలారం మానేయండి. మీరు వారం రోజులుగా కొలుస్తున్నది నిద్రలోని రక్తపోటు కాదు. నిద్ర చెడగొట్టుకుని, దీపం వేసుకుని, ఈసారి ఎంత వస్తుందోనన్న బెంగతో చేతికి పట్టీ చుట్టుకున్న మనిషి రక్తపోటు. గాఢనిద్రలో ఉన్నప్పుడు గుండె వేగాన్ని, రక్తనాళాల బిగువును పెంచే సింపథెటిక్ నాడులు నెమ్మదించి ఉంటాయి. అలారం మోగగానే అవి చురుకై, మీరు కళ్లు నులుముకునేలోపే బీపీని పైకి తీసుకుపోతాయి. పగటిపూట కూడా అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్న తరువాతే కొలవమని చెప్పేది ఇటువంటి పొంగు తగ్గడానికే. నడిరాత్రి ఉలిక్కిపడి లేచిన రెండో నిమిషంలో వచ్చిన 152ను చూసి మాత్ర పని చేయడం లేదని తీర్పు చెప్పడం ఆ మాత్రకు అన్యాయం చేయడమే.

అయితే మీ అనుమానానికి మూలమైన మాట తప్పు కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో నిద్రలోని సగటు బీపీ పగటి సగటు కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. లెక్క సులువే: పగటి సగటు పై బీపీ (రెండు అంకెలలో మొదటిది) 136, రాత్రి సగటు 118 అనుకుంటే తగ్గినది 18, అది 136లో దాదాపు 13 శాతం కాబట్టి తగ్గుదల సరిగా ఉన్నట్లే. 10 శాతం కంటే తక్కువ తగ్గేవారు ఒక వర్గం, 20 శాతం దాటి తగ్గేవారు మరొక వర్గం, తగ్గడానికి బదులు రాత్రి ఇంకా పెరిగేవారు ఇంకొక వర్గం. బీపీ తగినంత తగ్గేవారిని డిప్పర్లు, తగ్గనివారిని నాన్ డిప్పర్లు అనడం డబ్లిన్‌కు చెందిన ఓయెన్ ఓబ్రయన్, ఆయన సహచరులు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన చిన్న లేఖతో వాడుకలోకి వచ్చింది. వైద్యులు ఇప్పటికీ రిపోర్టుల మీద ఆ మాటలనే రాస్తున్నారు.

ఈ వర్గీకరణ కాగితం మీది ముచ్చట మాత్రమే అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. డబ్లిన్‌లో 5,292 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి 2005లో ప్రచురించిన పరిశీలనలో, పగటి సగటు పై బీపీ 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు 12 శాతం ఎక్కువగా కనిపించగా, రాత్రి సగటు అంతే ఎక్కువ ఉన్నవారిలో ఆ ముప్పు 21 శాతం ఎక్కువగా కనిపించింది. జపాన్‌లోని ఓహసామా అనే ఊరివారిని పరిశీలించినప్పుడు, 24 గంటల సగటు మామూలుగానే ఉన్నవారిలో కూడా రాత్రి తగ్గుదల సరిగా లేకపోతే ముప్పు పెరుగుతున్నట్లు తేలింది. దీనికి కారణాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను. పగలు కొలిచే ప్రతి అంకెలోనూ మెట్లెక్కడం, మాట్లాడడం, కోపం, తొందర ఎంతో కొంత కలిసే ఉంటాయి. రాత్రి అవన్నీ సద్దుమణిగిన తరువాత కూడా మిగిలే ఒత్తిడి ఏదైతే ఉందో, అది రక్తనాళాలు, మూత్రపిండాలు, నాడులు కలిసి నిలబెడుతున్న ఒత్తిడి. మీ విషయంలో అది ఎంతో మనకింకా తెలియదు. తెలుసుకోవాలంటే మీరు నిద్రలో ఉండగా యంత్రమే కొలవాలి. ఎలాగన్నది తరువాతి రెండు జవాబులలో ఉంది.

ప్రశ్న: మా అమ్మగారికి 70 ఏళ్లు. నిద్రలో దానంతట అదే కొలిచే బీపీ యంత్రం తెచ్చి, రాత్రి 2, 3, 4 గంటలకు కొలిచేలా పెట్టాము. పట్టీ ఎడమ చేతికి కట్టాము. మొదటి రాత్రి పై బీపీ వరుసగా 131, 117, 133 వచ్చింది. మధ్యలో అంత తగ్గడం యంత్రం తప్పా? ఏ అంకెను నమ్మాలి?

జవాబు: 3 గంటల సమయంలో మీ అమ్మగారు కుడివైపు ఒత్తిగిలి పడుకుని ఉంటారని నా ఊహ. వెల్లకిలా పడుకున్నప్పుడు పట్టీ ఉన్న చేయి ఇంచుమించు గుండె మట్టంలోనే ఉంటుంది. కుడివైపు తిరిగితే ఎడమ చేయి గుండెకు పైన, దాదాపు జానెడు ఎత్తుకు వెళుతుంది. చేయి గుండె కంటే 10 సెంటీమీటర్లు పైన ఉంటే యంత్రం 7 నుంచి 8 మిల్లీమీటర్లు తక్కువ చూపుతుంది. 15 సెంటీమీటర్లు ఉంటే 11 దాకా పోతుంది. మీకు కనిపించిన 14 తేడాలో అధిక భాగం ఇక్కడే తేలిపోయింది. మిగిలినది నిజమైన తేడాయే కావచ్చు. గాఢనిద్రలో బీపీ అట్టడుగున ఉండి, కలలు వచ్చే దశలో ఎగుడుదిగుడుగా మారుతూ ఉంటుంది. కాబట్టి యంత్రాన్ని తప్పు పట్టకండి, ఆ 117ను కొట్టివేయకండి, అదే నిజమని సంతోషించకండి. మూడింటి సగటు 127; ఆ రాత్రికి సంబంధించి పనికివచ్చే అంకె అదొక్కటే.

చేతిని కదలకుండా కట్టి ఉంచడం ఎలాగూ కుదరదు కనుక, మన చేతిలో ఉన్నవాటిని సరిగా చేసుకోవాలి. మొదటిది పట్టీ కొలత. భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి, పట్టీ మీద ముద్రించిన పరిధిలో అది ఉందో లేదో చూడండి. లోపలి గాలి సంచి చేతి చుట్టూ కనీసం 80 శాతం రావాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండేలా, పట్టీకి చర్మానికి మధ్య రెండు వేళ్లు దూరేంత వదులుగా చుట్టండి. యంత్రం పట్టీకే అమర్చి ఉండే రకం కాకపోతే, గొట్టం పక్కమీద శరీరం కింద నలగకుండా భుజం వైపు పోనిచ్చి, యంత్రాన్ని దిండు పక్కన పెట్టండి. గొట్టం నలిగితే గాలి ఎక్కక, యంత్రం మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఆమెను లేపేస్తుంది. బీప్ శబ్దం ఆపే వీలుంటే తప్పకుండా ఆపండి. పడుకోబోయే అరగంట ముందే పట్టీ కట్టి, ఒకసారి మెలకువలో కొలిచి, అంతా సవ్యంగా ఉందని చూసుకున్న తరువాతే దీపం ఆర్పండి. రెండు చేతుల బీపీకి మధ్య 10కి మించిన తేడా ఉన్నట్లు వైద్యుడు ఇదివరకే చెప్పి ఉంటే ఎక్కువ ఉన్న చేతికి, లేకపోతే తక్కువగా వాడే చేతికి కట్టడం వాడుక.

కొలిచే వేళలు కూడా మనిషినిబట్టి ఉండాలి. 11 గంటలకు నిద్రపోయి 5 గంటలకు లేచేవారికి 2, 3, 4 సరిపోతాయి. ఒంటి గంట దాటితే గాని కన్ను మూతపడని మనిషికి 2 గంటల రీడింగు మెలకువలోనిదే అయ్యే ప్రమాదం ఉంది. అటువంటివారికి నిద్ర పట్టిన రెండు గంటల తరువాత మొదలయ్యేలా మార్చాలి. ఉదయం లేవగానే, అంకెలు చూపించకముందే, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, చేతిపట్టీ బిగిసినట్లు తెలిసిందో లేదో అడిగి రాసి పెట్టండి. పట్టీ బిగుస్తుంటే లేచి కూర్చున్నానని ఆమె అంటే, ఆ రీడింగు పక్కన ఒక గుర్తు పెట్టండి. కొత్త వస్తువు చేతికి ఉందన్న స్పృహతో మొదటి రాత్రి నిద్ర సగమే పడుతుంది కనుక, ఆ రాత్రి అంకెలను నేనయితే పక్కన పెట్టి, తరువాతి మూడు రాత్రుల సగటు చూస్తాను. నిద్రలోని సగటుకు ఐరోపా మార్గదర్శకాలు పెట్టుకున్న హద్దు 120/70. అమెరికావారు 2017లో ఇంకా కిందకు, 110/65కు దించారు. మూడు రాత్రుల తరువాత కూడా మీ అమ్మగారి సగటు 120కి పైనే ఉంటే, పగటి అంకెలతో కలిపి వైద్యుడికి చూపించండి. ప్రతి రాత్రీ కొలవవద్దు. నిద్రకు పట్టీ కూడా ఒక ఆటంకమే.

ప్రశ్న: 24 గంటలు కట్టి ఉంచే బీపీ పరీక్ష చేయించుకోమన్నారు. ఇంట్లో రాత్రి కొలిచే యంత్రం ఉండగా అది అవసరమా?

జవాబు: రెండింటి పనీ ఒకటి కాదు. 24 గంటల యంత్రం పగలు 15 నుంచి 30 నిమిషాలకొకసారి, రాత్రి 30 నుంచి 60 నిమిషాలకొకసారి కొలుస్తుంది; పగలు కనీసం 20, రాత్రి కనీసం 7 సరైన రీడింగులు ఉంటేనే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకుంటారు. పగలు, రాత్రి పక్కపక్కన ఒకే యంత్రంతో కొలిచినందువల్ల తగ్గుదల శాతం దానిలోనే నమ్మకంగా తెలుస్తుంది. రోగం ఉందో లేదో మొదటిసారి తేల్చడానికి అదే మేలు. ఇబ్బందల్లా అది ఒక్క రాత్రి కథ మాత్రమే చెబుతుంది. ఆ రాత్రి మీకు దగ్గు వచ్చినా, పక్కింట్లో గొడవ జరిగినా అదే మీ రాత్రి బీపీగా రిపోర్టులోకి ఎక్కుతుంది. మందు మార్చిన తరువాత నెలకో రెండు నెలలకో మళ్లీ చూసుకోవడానికి ఇంటి యంత్రం బాగా ఉపయోగపడుతుంది. వైద్యుడు చెప్పారు కనుక పరీక్ష చేయించుకోండి. పట్టీ బిగుస్తున్నప్పుడల్లా పని ఆపి, చేయి కిందకు వదిలి కదలకుండా ఉండండి, నిద్రపోయిన వేళ, లేచిన వేళ తప్పక రాయండి. ఆ వేళలు రాయకపోతే యంత్రం తనకు ముందే చెప్పి పెట్టిన గడియారాన్ని పట్టుకుని, మీరు మెలకువగా ఉన్న గంటను కూడా రాత్రిలోనే కలిపేస్తుంది.

ప్రశ్న: నా చేతి గడియారం రాత్రంతా బీపీ చూపుతోంది. పట్టీ కట్టే బాధ లేకుండా దీనినే నమ్ముకోవచ్చా?

జవాబు: ఇప్పటికి వద్దు. పట్టీ లేని ఇటువంటి పరికరాలు చాలావరకు చర్మం మీదకు వెలుతురు పంపి, నాడి అల ఆకారాన్ని బట్టి బీపీని అంచనా కడతాయి. ఆ అంచనాకు పునాది మీరు కూర్చుని, మెలకువగా ఉండి, పట్టీ యంత్రంతో సరిచూసి ఇచ్చిన అంకె. నిద్రలో రక్తనాళాల బిగువు, చేయి ఉన్న ఎత్తు, చర్మపు వేడి అన్నీ మారిపోతాయి కనుక ఆ పునాది ఎంతవరకు నిలుస్తుందన్నది ఇంకా తేలని విషయం. రోగ నిర్ధారణకు గాని, మందు మార్చడానికి గాని వీటిని వాడవద్దని ఐరోపా రక్తపోటు వైద్యుల సంఘం చెప్పింది కూడా. ఆ గడియారం చూపే నిద్ర సమయాన్ని మాత్రం రాసి ఉంచుకోండి, పట్టీ రీడింగుల పక్కన పెట్టి చూడడానికి పనికివస్తుంది.

ప్రశ్న: మావారికి 49 ఏళ్లు. పగటి సగటు 132, రాత్రి సగటు 127 వచ్చింది. ఉప్పు తగ్గించమని, మందు పెంచుకోమని చెప్పారు. ఆయన గట్టిగా గురక పెడతారు, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు తీస్తారు. వీటికి, బీపీకి సంబంధం ఉందా?

జవాబు: మీరు అడిగిన ప్రశ్నలోనే జవాబు చాలావరకు ఉంది. 132 నుంచి 127కు తగ్గడమంటే నాలుగు శాతం కూడా లేదు. గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దమై, కొన్ని క్షణాల తరువాత ఒక్కసారిగా గుటక వేసినట్లు, ఉక్కిరిబిక్కిరి అయినట్లు ఊపిరి తీసుకోవడం మీరు ఎప్పుడైనా గమనించారా? గమనించి ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు వెనుక భాగం మూసుకుపోయి గాలి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ప్రమాదాన్ని పసిగట్టి, మనిషికి తెలియకుండానే అతణ్ణి ఒక్క క్షణం మేల్కొలుపుతుంది. అలా లేచిన ప్రతిసారీ సింపథెటిక్ నాడులు ఎగసి బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. గంటకు పదుల సార్లు ఇలా జరిగే మనిషి బీపీ రాత్రి తగ్గాలంటే ఎలా తగ్గుతుంది? గంటకొకసారి కొలిచే యంత్రం ఆ పొంగులలో ఒకటో రెండో పట్టుకోవచ్చు, అసలు పట్టుకోకపోనూవచ్చు.

రాత్రి మూత్రానికి లేవడం కూడా ఇందులో భాగమే కావచ్చు. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఊపిరి లాగే ప్రయత్నంలో ఛాతీలోని ఒత్తిడి మారి, గుండె పై గదులు సాగి, ఉప్పును, నీటిని బయటకు పంపమనే హార్మోను విడుదలవుతుంది. ఇంకొక దారి ఉప్పు వైపు నుంచి వస్తుంది: పగలు తిన్న ఉప్పును మూత్రపిండాలు పగలే పంపలేకపోతే, ఆ పనిని రాత్రికి వాయిదా వేసి, దానికోసం రాత్రి కూడా బీపీని ఎక్కువగా నిలిపి ఉంచుతాయి. అందువల్ల ఉప్పు తగ్గించమన్న సలహా సరైనదే. అది ఒక్కటే సరిపోతుందా అన్నదే ప్రశ్న. మూత్రానికి లేచి వచ్చి పడుకున్న వెంటనే పడిన రీడింగును మాత్రం లెక్కలో కలపకండి.

కాబట్టి మందు పెంచేలోపు నిద్ర పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి. ఆప్నియా అని తేలి, గొంతు మూసుకుపోకుండా గాలిని తగిన ఒత్తిడితో పంపే మాస్కు వాడితే బీపీ సగటున రెండు మూడు మిల్లీమీటర్లే తగ్గుతుంది, ఎన్ని మందులకూ లొంగని బీపీ ఉన్నవారిలో ఇంకొంచెం ఎక్కువ తగ్గుతుంది. అంతమాత్రానికి ఆ మాస్కు ఎందుకని అనేవారున్నారు గాని, పగటి కునుకు పోవడం కూడా చిన్న లాభమేమీ కాదు. ఆప్నియా లేదని తేలితే వెతకవలసిన కారణాలు ఇంకా ఉన్నాయి: మూత్రపిండాల జబ్బు, మధుమేహం వల్ల దెబ్బతిన్న నాడులు, అడ్రినల్ గ్రంథుల నుంచి అధికంగా వచ్చే ఆల్డోస్టిరోన్ అనే, ఉప్పును ఒంట్లో నిలిపే హార్మోను, కీళ్ల నొప్పులకు రోజూ మింగే మాత్రలు, స్టిరాయిడ్లు, ఇరవై నాలుగు గంటలూ పనిచేయకుండా సాయంత్రానికే శక్తి అయిపోయే మందు.

ప్రశ్న: రాత్రి బీపీ ఎక్కువ ఉన్నవారు మాత్రను ఉదయం నుంచి రాత్రికి మార్చుకుంటే సరిపోతుందని చదివాను. నేనే మార్చుకోవచ్చా?

జవాబు: ఆ మాట 2019లో స్పెయిన్ నుంచి వెలువడిన ఒక పెద్ద అధ్యయనంతో బాగా ప్రచారమైంది. పడుకునే ముందు మందు వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే దాదాపు సగానికి తగ్గాయని అందులో రాశారు. ఇంత లాభం నమ్మశక్యంగా లేదని, పద్ధతిలో లోపాలున్నాయని చాలామంది నిపుణులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. తరువాత బ్రిటన్‌లో 21,104 మందితో జరిపిన టైమ్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఉదయం వేసుకున్నా, సాయంత్రం వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతాలలో, మరణాలలో తేడా కనిపించలేదు. మరచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ. మీ మాత్రలో మూత్రాన్ని ఎక్కువ చేసే మందు కలిసి ఉంటే, దానిని రాత్రికి మార్చడం మీ నిద్రను మీరే చెడగొట్టుకోవడం అవుతుంది. రాత్రి బీపీ ఎక్కువని సరైన కొలతలతో తేలినప్పుడు ఎక్కువసేపు పనిచేసే మందుకు మార్చాలా, ఇంకొకటి కలపాలా అన్నది మీ వైద్యుడు నిర్ణయించాలి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా ఉంది, రాత్రి పడుకునే ముందు కంట్లో చుక్కలు వేసుకుంటాను, అప్పుడే బీపీ మాత్ర కూడా వేసుకుంటాను. పగటి సగటు 126 ఉండగా, నిద్రలో మూడు రాత్రుల సగటు 94/52 వచ్చింది. తగ్గడం మంచిదే కదా?

జవాబు: ఇంత తగ్గడం మీ విషయంలో మంచిది కాకపోవచ్చు. 126 నుంచి 94కు అంటే 25 శాతానికి పైగా పడిపోయినట్లు. ఏ మందూ వాడని ఆరోగ్యవంతుడైన యువకుడికి నిద్రలో ఇటువంటి అంకె వస్తే నేను పట్టించుకోను. కాని కంటి నరానికి చేరే రక్తం ఒకవైపు బీపీ మీద, మరొకవైపు కంటిలోని ఒత్తిడి మీద ఆధారపడుతుంది. గ్లాకోమా ఉన్నవారిలో రాత్రి బీపీ బాగా పడిపోతే ఆ నరానికి సరఫరా తగ్గి, చూపు పరిధి ఇంకా కుంచించుకుపోయే ప్రమాదం ఉందని కంటి వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. కంట్లో వేసే టిమోలాల్ వంటి చుక్కలు కూడా రక్తంలోకి చేరి గుండె వేగాన్ని, బీపీని తగ్గించగలవు. దాని మీద పడుకునే ముందు వేసుకునే బీపీ మాత్ర తోడైతే రెండూ ఒకే సమయంలో పనిచేస్తాయి.

మందు దేనినీ మీరుగా ఆపవద్దు. మూడు రాత్రుల అంకెలను, మాత్ర వేసుకునే వేళను, చుక్కల పేరును ఒకే కాగితం మీద రాసి, దానికి నకలు తీసి, బీపీ చూసే వైద్యుడికి ఒకటి, కంటి వైద్యుడికి ఒకటి ఈ వారంలోనే ఇవ్వండి. మాత్ర వేళను ఉదయానికి మార్చడంతోనే పని జరగవచ్చు. అప్పటివరకు రాత్రి లేవవలసి వస్తే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని రూఢి చేసుకున్న తరువాతే నిలబడండి.